కొట్టం గోడలో ఉప్పు: ఈసీ వాగు దగ్గర ఒక పాత వ్యవసాయ లోగిలి కేస్ స్టడీ

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటాక, హిమాయత్‌సాగర్‌లో కలిసే ఈసీ వాగుకు దగ్గరలో ఉన్న ఒక ఊళ్లో జాగీరు కాలపు వ్యవసాయ లోగిలి ఉంది. ముందు పెద్ద ఇల్లు, దాని వెనక పశువుల కొట్టం, కొట్టానికి ఆనుకుని వడ్లు నిలవ చేసే గది, కాస్త దూరంలో మోటబావి. యజమానులు కోరినందువల్ల ఊరి పేరు, వాళ్ల పేరు రాయడం లేదు. పెద్ద ఇంటికి వారసత్వ కట్టడంగా రక్షణ ఉంది. నేను పని చేసింది మాత్రం కొట్టం మీద, వడ్ల గది మీద.

సమస్య ఇది. కొట్టం ఉత్తరపు గోడకు లోపలి వైపు, నేల నుంచి నడుము ఎత్తు దాకా ప్లాస్టర్ నిలవడం లేదు. సిమెంటుతో పూస్తే రెండు వానాకాలాలు తిరిగేసరికి ఉబ్బి పెచ్చులుగా రాలిపోతోంది. పూసిన ప్రతిసారీ చెమ్మ ఇంకొంచెం పైకి ఎక్కుతోంది. వడ్ల గది తూర్పు గోడకూ ఇదే జబ్బు. నాకంటే ముందు చూసిన ఒక కాంట్రాక్టర్ రెండు గోడలూ పడగొట్టి, ఆర్‌సీసీ ఫ్రేమ్ వేసి, పైన పాత రాయి అతికించి సేమ్ లుక్ తెస్తానన్నాడు. కుటుంబంలో సగం మందికి ఆ మాట నచ్చింది కూడా. కొట్టాన్ని వారాంతాల్లో వచ్చేవాళ్లకు బసగా, వడ్ల గదిని పాత పనిముట్లు పెట్టే చిన్న మ్యూజియంగా మార్చాలని వాళ్ల ఆలోచన.

నా అభిప్రాయం ముందే చెప్తాను. వ్యవసాయ కట్టడానికి మరమ్మతు మొదలుపెట్టేముందు, దానిలో ఏ మూల ఏ పని జరిగిందో కనుక్కోవాలి. ఎడ్లు ఎటు మొహం పెట్టి నిలబడ్డాయి, మూత్రం ఎటు పారింది, బస్తాలు ఏ గోడకు వేశారు అన్నదే దాని చరిత్ర. దాని జబ్బుకు మూలం కూడా చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. దేవిడీలకు (నవాబుల కాలపు పెద్ద భవనాలకు), సమాధులకు మనం చేసే డాక్యుమెంటేషన్‌లో ఈ ప్రశ్నలు ఉండవు. అదే ఫార్మాట్‌ని కొట్టానికి కూడా వాడేస్తున్నాం కాబట్టే ఇలాంటి గోడలకు మళ్లీ మళ్లీ సిమెంటు పూస్తున్నాం.

కట్టడం తీరు

కొట్టం పొడవుగా, దక్షిణం వైపు పూర్తిగా తెరిచి ఉంటుంది. ఆ వైపు గోడకు బదులు రాతి కంబాలు. మిగతా మూడు వైపులా రెండడుగులకు పైబడిన మందంతో నల్లరాతి గోడలు. రాళ్ల మధ్య కట్టుబడి అంతా అడుసుతోనే. బయట సందుల్లో మాత్రం సున్నం నింపారు, లోపల సున్నపు పూత వేశారు. ఉత్తరపు గోడలో చూరుకు కొంచెం కింద సన్నని గాలి రంధ్రాలు వరసగా ఉన్నాయి. బయట బెత్తెడు, లోపలికి వచ్చేసరికి మూరెడు వెడల్పు. వాన జల్లు లోపలికి రాదు, మనిషి దూరలేడు, గాలి మాత్రం ఆడుతుంది. కంబాల పక్కన మేత వేసే గాడి, మూలకు కుడితి గోలెం. అంటే పశువులు వాకిలి వైపు తలలు, ఉత్తరపు గోడ వైపు తోకలు పెట్టి నిలబడేవి. నేల బండలు కూడా ఆ గోడ వైపే వాలి ఉన్నాయి. గోడ వెంట ఒక రాతి కాలువ, కాలువ చివర బయట పెంటగుంత.

వడ్ల గది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కిటికీ అన్నదే లేదు. నేల వాకిలి కంటే మూడడుగుల ఎత్తున ఉంది. ఎడ్లబండిని వెనక్కి తెచ్చి ఆనిస్తే బండి పలకా గది గడపా ఒకే మట్టానికి వస్తాయి. బస్తాను ఎత్తే పని లేదు, జరిపితే చాలు. గోడ పైభాగంలో వడ్లు పోసే చిన్న తలుపు, కింద తీసుకునే చిన్న తలుపు. పైనుంచి పోసి కిందినుంచి తీస్తే పాత గింజ ముందు బయటికి వస్తుంది, కొత్తది వెనక నిలుస్తుంది. ఎత్తు నేల కింద బోలు ఉంచి, పునాది గోడలో రంధ్రాలు వదిలారు. వడ్లలో తేమ 14 శాతం దాటితే బూజు, పురుగు పట్టడం ఖాయం కాబట్టి, భూమి చెమ్మ గింజను తాకకుండా ఇంత ఏర్పాటు. పెద్ద ఇంటి నగిషీ స్తంభాలకంటే నాకు ఈ గది కట్టుబడిలో ఎక్కువ తెలివి కనిపించింది.

వయసు లెక్క

కొట్టం 1865లో కట్టారని ఆ కుటుంబంలో అందరూ నమ్ముతారు. పైకప్పు పెంకు మీద ఆ అంకె అచ్చుగా ఉంది మరి. కానీ అది పెంకు చేసిన సంవత్సరం కాదు. మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు పెంకుల కార్ఖానా పెట్టిన సంవత్సరం. ఆ తర్వాత దశాబ్దాల పాటు వాళ్లు తమ పెంకుల మీద అదే అంకె వేస్తూ వచ్చారు. దక్షిణ భారతమంతటా పాత ఇళ్లకు ఈ పొరపాటు వయసు అంటుకుని ఉంది. అదే కప్పు మీద కామన్‌వెల్త్ ట్రస్ట్ అచ్చున్న పెంకులు కూడా కొన్ని దొరికాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బాసెల్ మిషన్ కార్ఖానాలు ఆ ట్రస్టు చేతికి వెళ్లాయి. కాబట్టి ఆ పెంకులు తర్వాతి మరమ్మతువి.

పెంకులు కప్పు వయసు చెప్తాయే గానీ గోడ వయసు చెప్పవు. వాసాలను దగ్గరగా చూస్తే రెండు రకాల మేకు రంధ్రాలు కనిపించాయి. ఇప్పటి పట్టీలు అడుగుకు కాస్త ఎక్కువ దూరంలో ఉన్నాయి, మంగళూరు పెంకుకు కావలసిన దూరం అది. వాటి మధ్యలో బెత్తెడు ఎడంతో పాత రంధ్రాలు. అవి గూన పెంకు (అర్ధగొట్టంలా వంగి ఉండే నాటు పెంకు) కింద దగ్గర దగ్గరగా వేసే పట్టీలవి. అంటే మంగళూరు పెంకు రాకముందే ఈ కొట్టం గూన పెంకుతో ఉండేది.

వడ్ల గది మాత్రం తర్వాత కట్టినది. కొట్టం గోడకూ దీని గోడకూ మధ్య రాళ్లు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోలేదు, పై నుంచి కింద దాకా నిలువు సందు. పైగా లోపలి అడ్డగోడ షాబాద్ బండల మీద నిలబడి ఉంది. గోడ కిందికి బండ వెళ్లిందంటే బండ ముందు, గోడ తర్వాత. షాబాద్ రాయి కర్ణాటకలో వాడి అనే రైల్వే జంక్షన్ పక్క ప్రాంతం నుంచి వస్తుంది. వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు మార్గం 1874లో తెరుచుకుంది. అంతకు ముందు వడ్ల గది నేల కోసం అంత దూరం నుంచి బండ్ల మీద రాయి తెప్పించి ఉంటారని నేను అనుకోను, చుట్టూ కావలసినంత నల్లరాయి ఉండగా. కాబట్టి గది 1874 తర్వాతిది, కొట్టం దానికంటే పాతది. ఇంతకంటే కచ్చితంగా చెప్పే ఆధారం కట్టడంలో లేదు. నివేదికలో అలాగే రాశాను.

1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాక ఈ కుటుంబానికి మిగిలింది ఇల్లు, చుట్టూ ఉన్న సొంత సాగు భూమి. కరెంటు మోటార్లు వచ్చాక మోట ఆగింది, ట్రాక్టర్ వచ్చాక ఎడ్లు తగ్గాయి. ఆఖరి గేదెలను అమ్మేశాక కొట్టం ఖాళీ అయింది. అప్పుడే నేలను సమం చేయడానికి గోడ వెంట కాలువను కాంక్రీటుతో నింపేశారు.

గోడలో ఏముంది

చెమ్మ అనగానే డ్యాంప్ ప్రూఫ్ రసాయనం కొట్టడం మనకు అలవాటైపోయింది. నేను ముందు గోడకు డ్రిల్ చేసి, నేల నుంచి పైకి వేర్వేరు ఎత్తుల్లో, ప్రతి ఎత్తులోనూ వేర్వేరు లోతుల్లో పొడి తీయించాను. రాయిలో కాదు, సందుల్లోని అడుసులో. నల్లరాయి నీళ్లు తాగదు, చెమ్మ నడిచేదంతా అడుసులోనే. పొడిని తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూస్తే తేమ ఎంతో తెలుస్తుంది. ఆ పొడినే శుభ్రమైన నీళ్లలో కలిపి టెస్ట్ స్ట్రిప్ ముంచితే ఉప్పు జాతి తెలుస్తుంది.

కొట్టం గోడలో తేమ అడుగున ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. ఉప్పు దీనికి తలకిందులు. అడుగున తక్కువగా ఉండి, సరిగ్గా ప్లాస్టర్ రాలే ఎత్తులో, గోడ పైపొరలో కుప్పపడి ఉంది. స్ట్రిప్ నైట్రేట్ చూపించింది, అదీ చాలా ఎక్కువ మోతాదులో.

ఆ లోగిలిలో చిన్నప్పటి నుంచి పనిచేసిన ఒక పెద్దాయన ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. ఆయన్ని పిలిపించి గోడ చూపిస్తే ఆశ్చర్యపోలేదు.

"గీ గోడకు ఎప్పుడూ తెల్లగ పూస్తనే ఉంటుండె అమ్మా. ఎండాకాలం చీపురుతోని దులిపేటోళ్లం. మా నాయిన అది సూరేకారం అంటుండె, నాలికె మీద పెట్టుకుంటే సల్లగ తెల్వాలె అని చెప్తుండె."

"పూత ఊడేది కాదా తాతా?"

"ఊడకేం, ఊడుతుండె. ఏడాదికోపారి దీపాలి ముంగట సున్నం కొట్టేటోళ్లం. సిమిటి కొట్టినంక గిట్ల పెద్ద పెద్ద పెచ్చులు లేస్తున్నయి."

ఆయన మాటలతో సగం పని తేలికైంది. పశువుల మూత్రంలోని యూరియా నేలలో అమ్మోనియాగా, సూక్ష్మజీవుల వల్ల చివరికి నైట్రేట్‌గా మారుతుంది. తుపాకీ మందు కోసం ఒకప్పుడు కొట్టాల మట్టి నుంచి సూరేకారం, అంటే పొటాషియం నైట్రేట్, తీసింది ఇందుకే. ఎడ్లు తోకలు పెట్టిన వైపున్న గోడ తరతరాలుగా ఆ నైట్రేట్‌ని అడుసు గుండా పీల్చింది. నీరు పైకి వచ్చి గోడ ముఖం మీద ఆరిపోతుంది, ఉప్పు అక్కడే మిగిలిపోతుంది. మిగిలిన ఉప్పు గడ్డకట్టేటప్పుడు పెరిగి, పూతను లోపలి నుంచి తోసేస్తుంది.

దీనికి వాన కూడా అక్కర్లేదు. ప్రతి ఉప్పుకూ ఒక హద్దు ఉంటుంది. గాలిలో తేమ ఆ హద్దు దాటితే ఉప్పు తనంతట తనే నీరవుతుంది, హద్దు కిందికి దిగితే మళ్లీ గడ్డకడుతుంది. సోడియం నైట్రేట్‌కి అది సుమారు 75 శాతం. సున్నంతో కలిసి ఏర్పడే కాల్షియం నైట్రేట్‌కి 50 శాతం చుట్టూ. హైదరాబాద్ వానాకాలంలో తెల్లవారుజామున గాలి తేమ ఈ రెండు హద్దులూ దాటుతుంది, మధ్యాహ్నానికి చాలా రోజుల్లో మొదటి హద్దు కిందికి దిగుతుంది. అంటే గోడలో ఉప్పు పొద్దున కరిగి మధ్యాహ్నం గడ్డకట్టడం సీజన్ అంతా నడుస్తూనే ఉంటుంది. గోడ మీద చినుకు పడకపోయినా చెమ్మగా కనిపించడానికి కారణం ఇదే.

పాత సున్నపు పూత మెత్తనిది, గాలి ఆడేది. ఉప్పు దానిలోకి వచ్చి దాన్ని కొద్దికొద్దిగా తినేసేది, ఏటేటా కొత్త పూత పడేది, గోడ క్షేమంగా ఉండేది. సిమెంటు పూత నీటిని బయటికి వదలదు. దారి మూసుకుపోయిన చెమ్మ పైకి ఎక్కింది. ఉప్పు పూత వెనక గడ్డకట్టి, పూతతో పాటు సందుల్లోని అడుసునూ పొడి చేసింది. కొన్నిచోట్ల రాళ్ల మధ్య వేలు దూరేంత ఖాళీ వచ్చింది. ఇంకో రెండుసార్లు సిమెంటు పూసి ఉంటే గోడ పొట్ట ఉబ్బి నిజంగానే పడగొట్టాల్సి వచ్చేది.

మరి పశువులు పోయాక నీరు ఎక్కడిది? గోడకు బయటి వైపు కొత్తగా లాన్ వేశారు, స్ప్రింక్లర్ రోజూ తడుపుతోంది. లాన్ కోసం మట్టి పోయడంతో బయటి నేల లోపలి నేలకంటే ఎత్తయింది. లోపల కాలువ పూడ్చేశారు కాబట్టి వచ్చిన నీరు పోయే దారి లేదు.

వడ్ల గది గోడ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. అక్కడ పశువులు ఎప్పుడూ లేవు, నేల ఎత్తున ఉంది, అడుగున తేమ తక్కువే. అయినా స్ట్రిప్ నైట్రేట్ చూపించింది, అమ్మోనియం కూడా. ఉప్పు గది నేల మట్టం నుంచి మనిషి ఛాతీ ఎత్తు దాకా ఉండి అక్కడితో ఆగిపోయింది. పెద్దాయన్నే మళ్లీ అడిగితే ఒక్క మాటలో తేల్చాడు: "గాడ యూరియ బస్తాలు ఏస్తుంటిమి గద అమ్మా." 1960ల చివర కొత్త వరి వంగడాలతో పాటు యూరియా మన ఊళ్లకు వచ్చింది. వడ్లు మార్కెట్‌కి నేరుగా పోవడం మొదలయ్యాక ఖాళీ అయిన గదుల్లో ఎరువులు వేశారు. యూరియాలో 46 శాతం నత్రజని. వానాకాలంలో అది గాలి తేమను లాగి కరిగి, చిరిగిన బస్తా నుంచి గోడలోకి దిగుతుంది. పైగా ఎలుకలు రాకుండా పునాది రంధ్రాలను ఎవరో సిమెంటుతో మూసేశారు, నేల కింద గాలి ఆగిపోయింది. తెలంగాణలో పాత గడుల వడ్ల గదులు చూసేవాళ్లందరికీ నా మనవి: ఛాతీ ఎత్తున అడ్డంగా గీత గీసినట్టు పూత ఊడితే, ముందు ఎరువుల బస్తాల గురించి అడగండి.

చేసిన పని

రెండు గోడలకూ ఒకే మందు వేయలేదు. కొట్టానికి మొదట నీటి దారి సరిచేశాం. లాన్ మట్టి తీసి బయటి నేలను పాత మట్టానికి దించాం, గోడ పక్కన కంకర కాలువ తవ్వాం, లోపలి రాతి కాలువలో కాంక్రీటు చేత్తో పగలగొట్టి తీశాం. బ్రేకర్ మిషన్ వద్దన్నాను, అడుసు గోడకు ఆ అదురు మంచిది కాదు. సిమెంటు పూత మొత్తం గీకేసి, ఒక ఎండాకాలం గోడను ఏ పూతా లేకుండా వదిలేశాం. యజమానులకు ఇది చాలా కష్టంగా అనిపించింది. పని ఆగిపోయిందని టెన్షన్ పడ్డారు. కానీ గోడ ఆరే కాలం కూడా పనిలో భాగమే. పైకి వచ్చిన ఉప్పును పొడిగా బ్రష్‌తో దులిపి, ఊడ్చి, లోగిలి బయట పారేశాం. నీళ్లతో కడిగితే అది మళ్లీ గోడలోకే పోతుంది.

వడ్ల గదికి పునాది రంధ్రాలు తెరిచి, ఎలుకల కోసం ఇనుప జాలీ బిగించాం. గోడకు కాగితపు గుజ్జు, బంకమట్టి కలిపి తడి పట్టీలా వేశాం. పట్టీ ఆరేటప్పుడు గోడలోని ఉప్పు దానిలోకి వస్తుంది, ఆరాక ఒలిచి పారేసి కొత్తది వేస్తాం. ఒలిచిన ప్రతి పట్టీని స్ట్రిప్‌తో చూశాం, రంగు మారడం తగ్గేదాకా కొనసాగించాం. ఉప్పు మొత్తం పోదు. పైపొరలో తగ్గించగలం, అంతే.

అడుసు రాలిన సందులను సున్నం కలిపిన మట్టితో, చిన్న రాతి చెక్కలు దిగ్గొట్టి నింపాం. సుతారి మేస్త్రి గట్టితనం కోసం కొంచెం సిమెంటు కలుపుదామన్నాడు. సందు రాయికంటే, పక్కనున్న పాత అడుసుకంటే గట్టిగా ఉంటే చెమ్మ దాన్ని వదిలేసి పాత అడుసునే తింటుందని పక్కనే ఒక నమూనా చూపించాక ఒప్పుకున్నాడు. లోపలి పూత గానుగలో నూరిన డంగు సున్నంతోనే, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ముతక ఇసుక. బెల్లం నీళ్లు, కరక్కాయ రసం ఈ గోడకు వాడలేదు. బయటి గోడకు, డాబాకు అవి మంచివి. ఇక్కడ మాకు కావలసింది ఉప్పును తనలోకి తీసుకుని తను రాలిపోయే పూత, పైగా చెమ్మ గోడ మీద బెల్లం బూజుకు తిండి అవుతుంది. పూత పని దసరా తర్వాత మొదలుపెట్టి చలికాలంలో ముగించాం. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి నిదానంగా గట్టిపడుతుంది, ఎండలో తొందరగా ఆరితే పిండి అయిపోతుంది.

పైకప్పు తాటి దూలాలది. టేకుకు చేవ లోపల ఉంటే తాటికి బయట ఉంటుంది, లోపల మెత్తని పీచు. కుళ్లిన చివర కోసి కొత్త ముక్క అతికించడం టేకుకు కుదురుతుంది. తాటికి అతుకు లోపలి పీచులోనే పడుతుంది కాబట్టి నిలవదు. అందుకని బలహీనపడిన దూలాల పక్కనే కొత్త తాటి దూలాలు జోడించాం, పాతవి తీయలేదు. దూలాల మీద దోమల కోసం ఏళ్ల తరబడి వేసిన పొగ మసి నల్లగా పట్టి ఉంది. పాలిష్ చేసి వార్నిష్ కొడితే బాగుంటుందని ఇంటీరియర్ డిజైనర్ గట్టిగా అడిగారు. నేను ఒప్పుకోలేదు. అక్కడ పశువులు ఉండేవని కంటికి కనిపించే గుర్తుల్లో అదొకటి.

మోటబావికి ఈ దశలో పెద్ద పని లేదు. బావి రాళ్లలో మొలిచిన రావి మొక్కలు తీయించి, ఎడ్లు దిగే వాలు దారిని కొలిచి బొమ్మ గీశాం. ఎడ్లు దిగువకు నడుస్తూ మోట లాగుతాయి కాబట్టి వాటి బరువు కూడా లాగుడుకు కలిసివస్తుంది, అందుకే ఆ వాలు. దారి పొడవు బావిలో నీటి లోతుకు సరిపోతుంది. దాన్ని పార్కింగ్ కోసం పూడ్చే ఆలోచన ప్లాన్‌లో ఉంది, తీయించేశాం.

రక్షణ ఎంతవరకు

హైదరాబాద్‌లో వారసత్వ కట్టడాల నియమాలు 1995లో హుడా (అప్పటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లో చేరాయి, 2015లో తొలగిపోయాయి, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఈ మార్పుల మధ్య ఈ లోగిలి పత్రాల్లో పెద్ద ఇంటికి మంచి వర్ణన ఉంది. వెనక కట్టడాల గురించి ఒక్క మాట మాత్రమే ఉంది, అవి రక్షణ హద్దు లోపలివో బయటివో దాన్ని బట్టి తేలదు. నిజానికి ఈ కొట్టాన్ని ఇన్నాళ్లు కాపాడింది వారసత్వ జాబితా కంటే 1996 నాటి 111 జీవోనే అని నేను నమ్ముతున్నాను. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు పది కిలోమీటర్ల పరిధిలో 84 ఊళ్లలో నిర్మాణాలను అది కట్టడి చేసింది. చెరువుల నీటి కోసం వచ్చిన జీవో ఊళ్లలోని పాత కొట్టాలను, బావులను కూడా నిలబెట్టింది. 2022లో 69 జీవోతో ఆ కట్టడి సడలింది. ఇప్పుడు ఆ ఊళ్లలో ప్రతి పాత గోడకూ ఎదురుగా ఒక లేఅవుట్ బోర్డు ఉంది. పెద్ద ఇంటిని ఉంచి వెనక భాగాన్ని అమ్మేయడం చాలా తేలిక. కొట్టం, వడ్ల గది, మోటబావి లేని ఇల్లు వ్యవసాయ లోగిలి కాదని అధికారులకు రాసిన నివేదికలో స్పష్టంగా పెట్టాను. నాలుగు కట్టడాల కొలతల బొమ్మలు, నీళ్ల కాలువల నక్షాతో సహా, దానికి జతచేసి ఒకే హద్దుగా గుర్తించమని అడిగాను. నిర్ణయం ఇంకా రాలేదు.

యజమానులకు అప్పగించిన కాగితంలో ఉన్నవి ఇవి. కొట్టం ఉత్తరపు గోడ లోపలి పూత రాలుతుంది, అది చెడిపోవడం కాదు. వానాకాలం వెళ్లాక రాలిన మేర గీకి డంగు సున్నంతోనే పూయాలి, పైన సున్నం తప్ప ఏ పెయింటూ వేయకూడదు. గోడకు ఆరడుగుల లోపు మొక్కలకు నీళ్లు పెట్టకూడదు. రాతి కాలువను మృగశిర కార్తెకు ముందు పూడిక తీయాలి. వడ్ల గదిలో ఎరువులు, సిమెంటు బస్తాలు, జనరేటర్ పెట్టకూడదు. బస గదులకు ఏసీ పెట్టాలంటే నన్ను అడగాలి, ఎందుకంటే లోపలి గాలి తేమ ఒక్కసారిగా పడిపోతే గోడలో మిగిలిన ఉప్పు మళ్లీ ముఖం మీదికి వస్తుంది. ప్రస్తుతానికి ఫ్యాన్లతోనే నడుపుతున్నారు. గోడ పైపొర నుంచి ఏటా పొడి తీసి స్ట్రిప్ చూడటం మేస్త్రి కొడుకు నేర్చుకున్నాడు, ఆ లెక్క నాకు పంపుతున్నాడు.